పగటి అదురు

మనోరమ ఆ యంత్రాన్ని తెచ్చిన రోజున దాన్ని తమ ఇంట్లో పెట్టుకోవడానికి నాగులబండలో ఒక్కరూ ముందుకు రాలేదు.

తాండూరు నుంచి బంట్వారం పోయే దారిలో ఉంది ఆ ఊరు. 1985 వానాకాలం నుంచి అక్కడ అప్పుడప్పుడు భూమి అదురుతోంది, గోడలు, బావుల ఒరలు పగుళ్ళిస్తున్నాయి. ఊరివాళ్ళు అర్జీ మీద అర్జీ పెడితే, చివరికి హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ మనోరమను పంపింది. ముప్పై దాటిన మనిషి, సన్నగా, ఎండకు కమిలిన మొహంతో జీపు దిగి, "భూమి కదలికల్ని నమోదు చేసే యంత్రమండీ ఇది. తాళం వేసుకోడానికి ఒక గది ఉంటే చాలు" అంది.

ఆ మాట వినగానే ఊరి రైతు యాదగిరికి అనుమానం పుట్టింది. ఆమెది గుంటూరు మాట.

1969లో యాదగిరి వికారాబాదు హైస్కూల్లో పెద్ద పరీక్షకు చదువుతుండగా తెలంగాణ గొడవ మొదలై బడులు మూతపడ్డాయి. తెరిచేసరికి తండ్రి పోయాడు, సేద్యం మీద పడింది. ఆ చదువు మళ్ళీ అతుక్కోలేదు. అప్పటినుంచి బయటి యాసతో ఏ ఆఫీసరు ఊళ్ళోకి వచ్చినా, ఏం పట్టుకుపోవడానికి వచ్చాడా అని చూడటం అతనికి అలవాటైంది.

"మేడం, గీ డబ్బా మా భూమిలకెల్లి ఏం దీస్తది?" అని అడిగాడు.

"ఏమీ తీయదు. వింటుంది, అంతే."

"విని ఎవరికి చెప్తది?"

జనం నవ్వారు. మనోరమ నవ్వలేదు. "ఎవరడిగితే వాళ్ళకి" అంది.

ఆ జవాబు యాదగిరికి అసలు నచ్చలేదు. అడిగినవాళ్ళందరికీ చెప్పే సర్కారు మనిషిని అతను ఎన్నడూ చూడలేదు.

చివరికి ఖాదర్‌బీ ఒప్పుకుంది. మొగుడు పోయి ఒంటరిగా ఉంటున్న ముసలమ్మ. "జొన్న గింజలు తింటదా అది? తినదు కదా. నా ఉల్లిగడ్డల పక్కకు పెట్టుకోనీ" అని వెనక గది తెరిచింది. అలాంటి యంత్రాలే ఇంకో రెండు, ఒకటి వికారాబాదు గుట్ట మీద, ఒకటి దౌల్తాబాద్ దగ్గర పెట్టారు. మనోరమ వికారాబాదులో మకాం పెట్టి, వారం వారం మూడు చోట్లా తిరిగి టేపులు మార్చుకుని పోయేది.

ఊరికి పడమర, వాగు అవతల కిష్టప్ప నాపరాళ్ళ గని ఉంది. పైనున్న పనికిరాని రాతిని తూటాలు పేల్చి లేపేస్తారు. కింది పలకలను గునపాలతో విడదీస్తారు. కిష్టప్ప సేడం వైపు నుంచి వచ్చి తాండూరులో స్థిరపడినవాడు. గోడలు పగిలేది భూకంపం వల్ల అని అతను, అతని తూటాల వల్ల అని ఊరు. యంత్రం తమ పక్షాన చెబుతుందని రెండు వైపులా ఎదురుచూశారు.

అది చెప్పకముందే యాదగిరి తల్లి సత్యమ్మ పోయింది.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం. యాదగిరి చేలో కంది కట్టెలు మోపులు కడుతున్నాడు. కాళ్ళ కింద ఎవరో రోకలితో పోటు వేసినట్టు నేల ఎగిరిపడింది. తలెత్తి చూస్తే ఊరి మీద దుమ్ము లేచింది. పరుగెత్తుకుని వచ్చేసరికి వంటింటి గోడ లోపలికి పడి ఉంది. రాళ్ళు తీసి తల్లిని బయటికి తెచ్చారు. ఆమె చేతికి జొన్నపిండి ఇంకా తడిగానే ఉంది.

యాదగిరి ఏడవలేదు. లేచి వాగు వైపు నడిచాడు. ఊరు ఊరంతా వెనక నడిచింది.

గనిలో తూటాలు అమర్చేవాడు వలీ. నలభై ఏళ్ళ మనిషి, తాండూరువాడు. జనాన్ని చూసి పారిపోలేదు. ఏం జరిగిందో తెలియక ఎదురొచ్చాడు.

"ఈ దినం ఒక్క తూటా గూడ పెట్టలే పటేలా. అల్లా కసం. తూటాల మందు అర్ర తాళం గూడ తియ్యలే."

"మరి నా తల్లిని ఎవడు సంపిండు? నీ అల్లా సంపిండా?"

అలా అన్నాడు యాదగిరి. తర్వాత అక్కడ జరిగిందంతా తన కళ్ళ ముందే జరిగినా, ఎవరు ముందు చెయ్యెత్తారో అతనికి గుర్తులేదు. వలీని తాండూరు దాకా నడిపించుకుపోయి పోలీసులకు అప్పగించారు. యాదగిరి ఫిర్యాదు మీద, మోతాదు మించి మందు పేల్చి మనిషి చావుకు కారణమయ్యాడని కేసు రాశారు. జామీను మీద వచ్చాక వలీ ఇంట్లోంచి బయటికి రావడం మానేశాడు. గని కొన్నాళ్ళు ఆగి, కొత్త మనిషితో మళ్ళీ నడిచింది.

నెల తిరిగాక మనోరమ ఊరికి వచ్చింది. ఆ రోజు ఆమె జీపు తాండూరులో చెడిపోయింది. దారిలో కలిసిన కిష్టప్ప తన జీపులో ఎక్కించుకుని ఖాదర్‌బీ ఇంటి ముందు దింపాడు. జీపులోంచి ఆమె దిగడాన్ని ఊరంతా చూసింది. అందువల్ల ఆమె చెప్పినదాన్ని ఎవరూ వినలేదు.

ఆమె చెప్పింది ఇది: టేపులన్నీ కంప్యూటరులో వేసి చూశాం. భూమి లోపల చాలాసార్లు చిన్న చిన్న కంపాలు వచ్చాయి. గని తూటాలు కనిపించినవి ఒకటో రెండో. సత్యమ్మగారి ఇంటి గోడ కూలింది తూటాతో కాదు, భూకంపంతో.

యాదగిరి అక్క భాగమ్మ కుల్కచర్ల నుంచి వచ్చి అప్పటికింకా పుట్టింట్లోనే ఉంది. "ఒకటో రెండో అంటున్నదేంది?" అని అరిచింది. "దినాం పొద్దుగాల తూటాల సప్పుడుకే మేము లేస్తం!"

"కిష్టప్ప జీపుల దిగినదానికి కిష్టప్ప తూటాలు ఎట్ల కనబడ్తయి?" అన్నాడు యాదగిరి.

మనోరమ మొహం ఎర్రబడింది. "జీపు ఎక్కడం నా పొరపాటే" అంది. "నన్ను నమ్మమని నేను అడగడం లేదు. యంత్రం రాసిన గీతల్లోంచి కంపాన్ని ఏరి చూపేది కంప్యూటరు. ఎలా ఏరాలో దానికి చెబుతూ రాసిన ఆదేశాలు ఇవి. ప్రోగ్రాం అంటారు. నేనే రాశాను. తీసుకెళ్ళి ఈ పని తెలిసిన ఎవరికైనా చూపించండి." సంచిలోంచి మడతలు మడతలుగా ఉన్న పొడవాటి కాగితాల కట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

"దీనికి ఏం గావాలె మీకు?"

"ఏమీ వద్దు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మారిస్తే ఏం మార్చారో దాచకుండా అందరికీ చెప్పాలి, అంతే. అది మొదట్లోనే రాశాను."

ఆమె వెళ్ళిపోయాక జనం ఆ కట్ట చుట్టూ మూగారు. ఇంగ్లీషు ముక్కలు, అంకెలు. ఊరికే ఎవరైనా ఏదైనా ఇస్తారా? చదివేవాడు లేడన్న ధైర్యంతోనే ఇచ్చి ఉంటుందన్నాడు ఒకడు. పుచ్చుకున్నందుకు రేపు ఒప్పుకున్నట్టేనని మెలిక పెడతారన్నాడు ఇంకొకడు. యాదగిరికి రెండూ నిజమే అనిపించాయి.

తాండూరులో కందిపప్పు మిల్లు గుమాస్తాను అడిగితే అతను మజహర్ పేరు చెప్పాడు. హైదరాబాదులో ఒక కంపెనీ కంప్యూటరు దగ్గర పని, శుక్రవారం శుక్రవారం ఇంటికి వస్తాడు, చాలా తెలివైనవాడు. యాదగిరి వెళ్ళి కట్ట ఇచ్చి, సంగతి చెప్పి వచ్చాడు. మజహర్ అంతా విని, "చూస్తనన్నా" అని మాత్రం అన్నాడు.

ఇంటికి వచ్చాక తెలిసింది యాదగిరికి. వలీ పెళ్ళాం మహబూబ్‌బీకి మజహర్ సొంత తమ్ముడు.

ఆ వారమంతా అతనికి అన్నం సయించలేదు. ఆంధ్ర మేడం దగ్గర్నించి తెచ్చిన కాగితాన్ని పోయి పోయి వలీ బామ్మర్ది చేతిలో పెట్టాడు. గుమాస్తా కావాలనే ఆ పేరు చెప్పాడా? మిల్లు యజమానికీ కిష్టప్పకీ స్నేహం ఉన్నట్టు ఎవరో అన్నారు. శుక్రవారం తెల్లారగానే తాండూరు బస్సెక్కాడు.

మజహర్ ఇంటి ముందు గదిలో కాగితాలు నేలంతా పరచి కూర్చుని ఉన్నాడు.

"వలీ నీకు బావ అని ఎందుకు చెప్పలే?" అన్నాడు యాదగిరి గుమ్మంలోనే నిలబడి.

"చెప్తే ఇది నా దగ్గర పెట్టి పోతుంటివా?"

"పోకపోతుంటి."

"గందుకే చెప్పలే. చెప్తే బాగుండు. కూసో అన్నా."

యాదగిరి కూర్చోలేదు. "ఏం రాసున్నదో చెప్పు. మీ బావను బయటేసే మాటనే చెప్తవ్, అది నాకు ఎర్కనే."

మజహర్ ఒక కాగితం తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

"ఇండ్ల తప్పున్నది" అన్నాడు. "పగటిపూట లారీలు తిరుగుతయ్, రాయి కోసే మిషన్లు నడుస్తయ్. భూమి ఎప్పుడూ సన్నగా వణుకుతనే ఉంటది. ఆ గోలను కంపం అనుకోవద్దని మేడం పగటికి ఒక హద్దు పెట్టింది. హద్దుకు కింద ఉన్నదాన్ని ఇడిసిపెట్టు అని రాసింది. కానీ ఆ హద్దు మస్తు ఎక్కువైంది. గనిల తూటాలన్నీ దాని కిందికే పోతున్నయ్. గందుకే ఆమెకు ఒకటో రెండో కనబడ్డయ్. మీరు చెప్పింది నిజం."

యాదగిరి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. ఈ మాట ఇతని నోట వస్తుందని అనుకోలేదు.

"సరిజేస్తే?"

"తూటాలన్నీ బయటపడ్తయ్."

"మీ బావ పెట్టినయి గూడ."

"అవి గూడ." మజహర్ తల దించుకున్నాడు. "ఆ దినం గోడ కూలిన అదురు గూడ ఏందో మళ్ళీ చూడాల్సొస్తది. అది ఏమైతదో నాకు తెల్వది. అక్కకు ఈ మాట ఇంకా చెప్పలే."

"ఆమె అమ్ముడుపోయిందని నేను అన్ననా లేదా మరి!"

"అమ్ముడుపోయినోళ్ళు గీ కాగితం మన చేతికి ఎందుకిస్తరన్నా? దాసుకుంటరు" అన్నాడు మజహర్.

యాదగిరి వంగి నేల మీది కాగితాలు ఒక్కొక్కటే ఏరాడు. అతనికి అనుమానం పోలేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ రైలెక్కి వికారాబాదు పోయారు.

గుట్ట కింద ఒక పెంకుటింట్లో మనోరమ ఉంటోంది. మజహర్ తప్పు చూపిస్తున్నంతసేపూ ఆమె కాగితం వంకే చూసింది. అతను ముగించాక, "మిమ్మల్ని ఎవరు పంపారు?" అంది.

"ఎవరూ పంపలే. నేనే ఈయనకు దొరికిన."

"గనివాళ్ళు కాదు కదా? మా సంస్థలో ఎవరైనా మాట్లాడారా మీతో?" ఆమె కాగితాలను తన వైపుకు లాక్కుంది. ప్రోగ్రాం బయటికి ఇవ్వొద్దని పెద్దాఫీసరు ముందే హెచ్చరించాడట. సంస్థ పని బజార్లో పడేస్తే ఎవడో ఒకడు తప్పులు పట్టి మన పరువు తీస్తాడన్నాడట. ఇప్పుడు ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్ళు వచ్చి సరిగ్గా తప్పే పట్టారు.

యాదగిరి ఆమెను చూస్తూ ఉండిపోయాడు. ఈమె కూడా తమను అనుమానిస్తోంది! అచ్చం తను చూసినట్టే చూస్తోంది. అది చూసి అతనికి కోపం రాలేదు. నవ్వు రాబోయి ఆగింది.

"మేడం, నన్నెవరూ పంపలే. నా తల్లి సచ్చిపోయింది, గందుకొచ్చిన" అన్నాడు.

మనోరమ కలం తీసుకుంది. మజహర్ చూపించిన చోట ఒకసారి, రెండుసార్లు లెక్క వేసుకుని చూసింది. "మీరన్నది నిజం" అంది చివరికి. "వికారాబాదు గుట్ట మీద గోల తక్కువ, మీ ఊళ్ళో ఎక్కువ. రెండింటికీ ఒకే హద్దు పెట్టాను. అలా పెట్టకూడదు. మూడు చోట్లా హద్దు దాటితేనే లెక్కలోకి వస్తుంది, గుట్ట దాకా వచ్చేసరికి తూటాల అదురు సన్నబడి దాటలేదు." హద్దు కొట్టేసి, ఏ చోటి గోలను బట్టి ఆ చోటికి హద్దు మారేలా ఎలా రాయాలో ఇద్దరూ సాయంత్రం బండి వేళ దాకా మాట్లాడుకున్నారు. వాళ్ళు లేచే ముందు ఆమె ప్రోగ్రాం మొదటి కాగితం మీద తన పేరు కింద మజహర్ పేరు, అతను పట్టిన తప్పు ఏమిటో రాసింది. మజహర్ ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు.

మళ్ళీ కబురు వచ్చేసరికి ఉగాది దాటిపోయింది. ఈసారి యాదగిరి ఒక్కడే వెళ్ళాడు. మనోరమ బల్ల మీద మూడు కాగితపు పట్టీలు ఒకదాని కింద ఒకటి పరిచింది.

"ఇది మామూలుగా గనిలో తూటా పేలిన రోజు. ఇది మీ ఊరి గీత, ఇది వికారాబాదుది, ఇది దౌల్తాబాద్‌ది. మొదటి కదలిక ఎటుందో చూడండి."

మూడు గీతలూ ముందు పైకే లేచాయి.

"తూటా పేలితే భూమిని అన్ని దిక్కులకీ బయటికి నెడుతుంది. అందుకే మూడు చోట్లా పైకే లేస్తుంది. ఇలాంటివి ఇప్పుడు లెక్కలేనన్ని దొరికాయి. కిష్టప్పగారు ఒప్పుకున్నవాటికంటే చాలా ఎక్కువ. మీ బావుల దగ్గరి పగుళ్ళు వీటివల్లే వచ్చి ఉండొచ్చు."

యాదగిరి బల్ల మీదికి వంగాడు. "అమ్మ పోయిన దినంది?"

ఆమె వేరే పట్టీలు తీసింది. "నేను చెప్పను. మీరే చూడండి."

నాగులబండ గీత ముందు పైకి లేచింది. వికారాబాదు గీత ముందు కిందికి దిగింది. దౌల్తాబాద్‌దీ కిందికే. అతను వేలుపెట్టి మొదటినుంచి మళ్ళీ చూశాడు. పట్టీలు తారుమారయ్యాయేమోనని అంచుల మీది పేర్లు చూశాడు. కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు.

"భూమి లోపల రాయి పగిలి జరిగితే ఒకవైపు నెడుతుంది, ఇంకోవైపు లాగుతుంది" అంది మనోరమ. "గనిలో కాదు, బంట్వారం వైపు చాలా లోతులో పుట్టింది అది. ఆ మధ్యాహ్నం గనిలో తూటా అసలు పేలలేదు."

మందు అర్ర తాళం గూడ తియ్యలే, అన్నాడు ఆ రోజు వలీ. యాదగిరి బల్ల పట్టుకుని కూర్చున్నాడు. తల్లి పోయిన రోజున రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఇన్నాళ్ళూ ఒక మనిషి మీద కోపం పెట్టుకుని బతికాడు. ఇప్పుడు ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలి? రాయి మీదా?

ఊళ్ళో చెప్పడం అంతకంటే కష్టమైంది. జనాన్ని కూర్చోబెట్టి రెండు సంగతులూ చెప్పాడు: తూటాల విషయంలో మనదే నిజం, దాని మీద కొట్లాడుదాం. అమ్మను చంపింది మాత్రం వలీ కాదు. మొదటి మాటకు అందరూ తలలూపారు. రెండో మాటకు ఆ తలలు ఆగిపోయాయి. తర్వాత వెనకనుంచి ఎవరో అన్నారు, "యాదగిరి గూడ కిష్టప్ప జీపు ఎక్కిండేమో!"

అంతకంటే భాగమ్మ అన్న మాట అతన్ని కోసింది. "తమ్మీ, నీకు ఏమాశ చూపిన్రు? అమ్మ పానాన్ని ఎవరికి అమ్ముకున్నవ్ రా?"

"అక్కా, నేను నా కండ్లతోని చూసిన. నువ్వు రా, నీకు గూడ చూపిస్త."

"నేను రాను. నీ కండ్లకే కట్టిండ్రు గంత" అని ఆమె తర్వాతి బస్సుకే కుల్కచర్ల వెళ్ళిపోయింది. ఆ ఏడు రాఖీకి రాలేదు.

ఆ కాగితాల కట్ట యాదగిరి ఇంట్లోనే ఉంది. నమ్మని ప్రతివాడితోనూ అతను, "తీసుకపో, నీకు తెలిసినోనికి చూపియ్యి, తప్పుంటే పట్టు" అనేవాడు. ఒకరిద్దరు నిజంగానే తీసుకుపోయారు. ఎవరూ కొత్త తప్పు పట్టలేదు. అయినా కొందరు నమ్మలేదు.

తాండూరు పోలీసు స్టేషనులో తన ఫిర్యాదు తప్పని రాసిచ్చాడు. రాసుకున్న జమేదారు కూడా అతన్ని ఎగాదిగా చూశాడు. కేసు వెంటనే పోలేదు. మనోరమ రెండుసార్లు కోర్టుకు వచ్చి గీతలు చూపించాక, దీపావళి తర్వాత వలీని విడుదల చేశారు. బావుల సంగతి మీద కిష్టప్ప గనికి నోటీసులు వచ్చాయి. మనోరమ ఎవరి దగ్గరో లంచం తినే ఈ పని చేసిందని కిష్టప్ప తాండూరంతా చెప్పుకుని తిరిగాడు. కానీ తూటాల బరువు తగ్గించక తప్పలేదు. మనోరమ చెప్పినట్టు ఊళ్ళో చాలామంది పాత గోడల్లో అడ్డకట్టెలు వేయించుకున్నారు. యాదగిరి మాట నమ్మనివాళ్ళు కూడా వేయించుకున్నారు.

వలీ విడుదలైన మరునాడు యాదగిరి అతని ఇంటికి వెళ్ళాడు. మహబూబ్‌బీ తలుపు సగమే తీసింది.

"ఎందుకొచ్చిన్రు?"

"వలీతోని మాట్లాడాలె."

"మాట్లాడితే మళ్ళా ఏం రాసిస్తరో స్టేషన్ల. మాకు బుగులైతున్నది. మీరు పోండి."

తలుపు మూసుకుంది. యాదగిరి పోలేదు. ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. దారిన పోయేవాళ్ళు గుర్తుపట్టి చూసి పోతున్నారు. ఎండ కాళ్ళ మీదికి వచ్చాక తలుపు మళ్ళీ తెరుచుకుని వలీ బయటికి వచ్చాడు. చాలా చిక్కిపోయాడు. ఎడమ చెవి మీద ఆనాటి దెబ్బ మచ్చ ఉంది.

"తప్పైంది వలీ" అన్నాడు యాదగిరి. "ఆ దినం నువ్వు కసం తింటే గూడ నమ్మలే."

వలీ ఈ మాట వెనక ఇంకేముందో వెతుకుతున్నట్టు చూశాడు.

"కసం తిన్నప్పుడు నమ్మలే, గీతలు చూసినంక నమ్మిన్రు" అన్నాడు. "నేను గూడ జర చూస్త పటేలా. మీ మాట నమ్మనీకి నాకు గూడ టైం గావాలె."

"చూడు" అన్నాడు యాదగిరి. "ఎన్నొద్దులైనా చూడు."

వలీ మళ్ళీ తూటాల పనికి పోలేదు. కందిపప్పు మిల్లులో చేరాడు. పంట తెచ్చిన రోజుల్లో యాదగిరి అతనికి ఎదురుపడితే ఇద్దరూ సలాం చెప్పుకునేవాళ్ళు. రెండేళ్ళ దాకా అంతకు మించి మాట నడవలేదు. ఆ తర్వాత ఒక చలికాలం, మహబూబ్‌బీ మూట కట్టి ఇచ్చిన రొట్టెలు పట్టుకుని వలీ నాగులబండ బస్సు దిగాడని, యాదగిరి ఇల్లు ఎక్కడో తెలిసినా ఊరందరికీ తెలిసేలా దారి అడిగి మరీ వచ్చాడని ఖాదర్‌బీ అందరికీ చెప్పింది.